బాన్సువాడలో మూడు లెక్కపెట్టిన ఆదివారం

"గదంత దొంగ కుస్తీ. దానికోసం నాలుగు గంటలు బస్సుల పోతవా?" అని శనివారం సాయంత్రం మా సూపర్‌వైజర్ నలుగురి ముందు అడిగాడు. అప్పటిదాకా పోనా వద్దా అని ఊగుతున్నదాన్ని ఆ మాటతో గట్టిపడ్డాను. నేను జీడిమెట్లలో ఫ్యాక్టరీ యూనిఫాంలు కుట్టే షెడ్డులో పని చేస్తాను. పక్క గోదాములో బస్తాలు మోసే సాయిలు అన్న మూడేళ్లుగా సెలవు రోజుల్లో ప్రొఫెషనల్ రెజ్లింగ్ చేస్తున్నాడు. ఆయన రింగులో వేసుకునే బట్టలు కుట్టేది నేనే. సాగే గుడ్డ కుట్టడం నాకెవరూ నేర్పలేదు. ఫోన్లో చూసి, నాలుగు మీటర్లు పాడుచేసి, సూదులు విరగ్గొట్టి నేర్చుకున్నాను. ఆ బట్టల మీద ప్రతిసారీ చెమట మరకలతో పాటు రక్తం మరకలు ఉతికేది కూడా నేనే. దొంగ కుస్తీలో రక్తం ఎవరిదో మా సూపర్‌వైజర్ చెప్పాలి.

ఈ ఆట మొదటిసారి చూసేవాళ్లకు ముందుగా కాస్త చెప్పాలి. ఇది హాల్లో టికెట్టు కొని చూడొచ్చు, లేదా తొంభై తొమ్మిది రూపాయలు కట్టి ఫోన్లో లైవ్ చూడొచ్చు. రెండో దాన్ని పే-పర్-వ్యూ అంటారు. మా చిన్న రెజ్లింగ్ కంపెనీ ఓనరు హైదరాబాద్ బయట పెట్టిన మొదటి పే-పర్-వ్యూ ఇదే. అందరూ డబ్బు కట్టి చూడాలంటే ఒక పగ కావాలి. ఆ పగ ఆయనకు ఊరికే దొరికింది. పాతికేళ్ల కింద సాయిలు అన్న వాళ్ల ఊళ్లో మట్టికుస్తీలు జరిగాయి. వెండి కడియం కోసం ఆఖరి జోడీలో సాయిలు అన్న పెద్దబాపు (వాళ్ల నాన్నకు అన్న) మల్లయ్య, దెగ్లూర్ వైపు నుంచి వచ్చిన ఒక మరాఠీ పహిల్వాన్ తలపడ్డారు. మల్లయ్య వీపు నేలకు తగలగానే డప్పు మోగింది. ఆయన ఆ తర్వాత మళ్లీ లంగోటి కట్టలేదు. ఆ మరాఠీ పహిల్వాన్ కొడుకు వినాయక్ ఇప్పుడు అదే కంపెనీలో రెజ్లర్, సాయిలు అన్నతో ఒకే గదిలో ఉంటాడు, ఒకే గిన్నెలో అన్నం వండుకుంటాడు. ఇద్దరూ ఒకరోజు నవ్వుకుంటూ చెప్పుకున్న ముచ్చటను ఓనరు విని, వాళ్లను అడగకుండానే 'రెండు తరాల పగ' అని పోస్టరు కొట్టించాడు. ఇంటి అవమానాన్ని గోడకు అతికించి అమ్ముకోవడం అంటే ఇదే.

ఆదివారం పొద్దున ఐదూ నలభైకి బాలానగర్‌లో బస్సు ఎక్కాను. సికింద్రాబాద్ జేబీఎస్ బస్టాండు నుంచి నర్సాపూర్, మెదక్, ఎల్లారెడ్డి మీదుగా పోయే ఎక్స్‌ప్రెస్. ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే టికెట్టు డబ్బులు లేవు, మగవాళ్లు రెండు వందల పైన పెట్టుకోండి. నర్సాపూర్ అడవి దాటేసరికి తెల్లవారింది. కిటికీ తీసి పెడితే కోతులు ఆశగా చూస్తాయి కాబట్టి తినేవి సంచిలోంచి తీయొద్దు. నా ఒళ్లో మెరుపుల గుడ్డ మూట చూసి కండక్టర్ ఆగాడు.

"ఏందమ్మా, నాటకం కంపెనీయా?"

"కుస్తీ."

"ఆడోళ్లు సుత కుస్తీ పడ్తుండ్రా?"

"నేను బట్టలు కుడ్త. పట్టాలంటే పడ్త గూడ."

ఆయన జీరో టికెట్టు చింపి చేతిలో పెట్టి, మళ్లీ నా సీటు దగ్గరికి రాలేదు. మెదక్‌లో పదిహేను నిమిషాలు ఆపుతారు, బాత్రూం పని అక్కడే చూసుకోండి. పదింటికి బాన్సువాడలో దిగాను.

బస్టాండు ఎదురుగా సందులో ఒక టిఫిన్ హోటల్ ఉంది. నడిపేది క్యాంపు ఆవిడ. కాలువ నీళ్లు వచ్చినప్పుడు కోస్తా నుంచి వచ్చి పొలాలు కొనుక్కున్న కుటుంబాల ఊళ్లను ఇక్కడ క్యాంపులు అంటారు. నలభై రూపాయలకు పెసరట్టు, అల్లం చట్నీ. లోపలి బెంచీ మీద టోపీ కిందికి లాక్కుని, ముఖానికి రుమాలు కట్టుకుని ఒకడు టీ తాగుతున్నాడు. సరిగ్గా వాడి తల మీదున్న గోడకే పోస్టరు. పోస్టర్లో వినాయక్ పళ్లు బయటపెట్టి అరుస్తున్నాడు. కింద కూర్చున్నది కూడా వినాయకే. హాల్లో కలిసేదాకా ఇద్దరూ కలిసి కనబడకూడదని ఓనరు ఆర్డరు.

"నా దిక్కు సూడకు చెల్లె, పెసరట్టు దిక్కు సూడు" అన్నాడు గుసగుసగా. "సాయిలు తిన్నడా? పొద్దుగాల తినకుంటే వానికి కండ్లు తిరుగుతయ్. నాలుగు ఇడ్లీలు కట్టిస్తున్న, తీస్కపో. నేనిచ్చిన అని మాత్రం చెప్పకు, ఊళ్లె ఎవరన్న వింటరు."

క్యాంపు ఆవిడ గరిటె పట్టుకునే పోస్టరు వైపు, వాడి వైపు చూసింది. "ఏమయ్యో, అతన్ని చీల్చేస్తానని గోడలన్నీ అంటించుకుని, ఇడ్లీలు కట్టిస్తున్నావా? చట్నీ ఎక్కువెయ్యనా, తక్కువెయ్యనా?"

"ఎక్కువెయ్యక్కా" అన్నాడు వినాయక్ బుద్ధిగా.

సాయిలు అన్న ఊరు నిజాంసాగర్ రోడ్డులో ఉంది. షేర్ ఆటోకు ముప్పై రూపాయలు. కోతల రోజులు కాబట్టి రోడ్డు సగం వడ్లే, ఆటో మిగిలిన సగంలో పాములా పోతుంది. టైరు వడ్ల మీద ఎక్కితే రైతు తిట్టే తిట్లు ఈ రేటులోనే వస్తాయి. డ్రైవర్ కూడా పోస్టరు చూసినవాడే.

"అక్కా, గది ఫేక్ గదా? ఎవడు గెల్వాలె, ఎవడు ఓడాలె అంత ముందే మాట్లాడుకుంటరట."

"నువ్వు ఎక్కడ ఆపాలె, ఎంత తీసుకోవాలె ముందే మాట్లాడుకున్నవా లేదా?"

"మాట్లాడుకున్న."

"మరి నీ ఆటో ఫేకా?"

పక్కన కూర్చున్న ముసలమ్మ పడీపడీ నవ్వింది. డ్రైవర్ చేతులెత్తి దండం పెట్టబోయి మళ్లీ హ్యాండిల్ పట్టుకున్నాడు.

నేను వెళ్లేసరికి సాయిలు అన్న వాకిట్లో దండీలు, బస్కీలు తీస్తున్నాడు. మల్లయ్య పెద్దబాపు అరుగు మీద కూర్చుని ఆయన వైపు చూడకుండానే చూస్తున్నాడు. నేను విప్పిన మూటలోంచి కొత్త చెడ్డీ తీసి, మెరిసే పట్టీని బొటనవేలితో రుద్దాడు.

"గీ మెరుపులెందుకు బిడ్డా?"

"దూరంకెల్లి కనబడనీకి, పెద్దబాపు."

"మా మీద మట్టి ఉంటే సాలు, ఊరందరికి కనబడుతుంటిమి."

చెడ్డీ మడిచి నా చేతికిచ్చాడు. సాయంత్రం ఎనిమిది మంది పెద్దమనుషులతో, డప్పుతో సహా వస్తున్నానని చెప్పాడు. ఆ మాట విన్న సాయిలు అన్న నన్ను దొడ్లోకి తీసుకుపోయాడు. ఇడ్లీ చేతిలో ఉంది, నోట్లోకి పోవడం లేదు.

"కంపెనీ ఏడాదికి కాగితం రాసిస్తా అన్నది చెల్లె. ఇయ్యాల మంచిగైతే బస్తాలు మోసుడు బంద్. కానీ నా ఫికర్ గది గాదు. మూడేండ్ల సంది ఊళ్లె నన్ను డ్రామా పహిల్వాన్ అంటుండ్రు. పెద్దబాపు మంచిగ అనలె, చెడ్డగ అనలె. ఆ ముచ్చటే తియ్యలె. ఇయ్యాల మొదటిసారి సూస్తడు. సూసినంక ఏమంటడో గంతే."

ఆట ఎలా నడుస్తుందో కూడా చెప్పాడు. మొదట వినాయక్ ఎత్తి పడేస్తాడు. పన్నెండు నిమిషాలు ఈయన దెబ్బలు తింటాడు. ఆ తర్వాత లేస్తాడు, పద్దెనిమిదో నిమిషంలో గెలుస్తాడు. విన్నాను, బాగుంది అన్నాను. అందులో ఎంత పెద్ద తప్పు ఉందో నాకు తట్టలేదు. పుట్టినప్పటి నుంచి మట్టికుస్తీలు చూసిన ఆ మనిషికీ తట్టలేదు.

ఆట నాలుగింటికి, బాన్సువాడ చివర ఫంక్షన్ హాల్లో. రాత్రికి అక్కడే ఒక రిసెప్షన్ ఉండడంతో ఆరున్నరకల్లా ఖాళీ చేయాలి. కుర్చీకి నూట యాభై, వెనక నిలబడితే యాభై. రింగు పరుపు చూసి మెత్తగా ఉందనుకునేవాళ్లు చేత్తో ఒకసారి నొక్కండి. ఇనప ఫ్రేము, దాని మీద చెక్కలు, వాటి మీద రెండు వేళ్ల మందం స్పాంజి, పైన గుడ్డ. అంతే. మనిషిని దాని మీద వీపుతో పడేసి, మళ్లీ రేపు పనికి లేచేలా పడేయాలంటే ఎత్తినవాడి చేతిలో మనసు ఉండాలి. పడేవాడు తన మెడను అవతలివాడి చేతిలో పెడతాడు. పగవాడికి ఎవడైనా మెడ ఇస్తాడా?

హాలు నిండింది. మొదటి మూడు జోడీలు అయిపోయినా పెద్దమనుషులు లోపలికి రాలేదు. బయట చెట్టు కింద బీడీలు కాలుస్తున్నారు. పిలవడానికి పోతే ఒకాయన కోపం చేశాడు. "కొబ్బరికాయ జోడీలు మేమెందుకు సూడాలె? ఆఖరి జోడీకి వస్తం." ఈ వైపు మట్టికుస్తీలు కొబ్బరికాయ బహుమతితో మొదలవుతాయి, అవి కొత్తవాళ్లకు. కడియం కట్టిన ఆఖరి జోడీయే అసలు కుస్తీ. వాళ్ల లెక్కన వాళ్లు సరిగ్గా టైముకే వచ్చారు. వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు. డప్పాయన రింగు పక్కనే నిలబడ్డాడు.

గంట కొట్టారు. సాయిలు అన్న జనానికి చెయ్యెత్తి తిరిగేలోపే వినాయక్ వెనక నుంచి పట్టుకుని, ఎడమ భుజం మీదికి ఎత్తి, చెక్కలు దద్దరిల్లేలా పడేశాడు. మొత్తం ఇరవై సెకన్లు కూడా కాలేదు.

డప్పు మోగింది.

ఏమైందో నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. చూస్తే పెద్దమనుషులు లేచి నిలబడ్డారు. వాళ్లను చూసి వాళ్ల ఊరివాళ్లు, వాళ్లను చూసి సగం హాలు లేచింది. తెల్ల తలపాగా పెద్దాయన ఒకరు చెప్పులు విడిచి, తాడు కింద నుంచి రింగులోకి దూరి, వినాయక్ చెయ్యి పైకెత్తి, జేబులేని వాడి నడుము పట్టీలో వంద నోటు దోపాడు. పళ్లు కొరుకుతూ అరవాల్సిన వినాయక్, ఇంట్లో నేర్చిన అలవాటు కొద్దీ, వంగి ఆయన కాళ్లు మొక్కాడు. "వీపు తగిలింది, చిత్ అయిండు, ఐపోయింది, పాండ్రి పాండ్రి" అంటూ జనం తలుపు వైపు నడిచారు. కెమెరా పక్కన ఓనరు నెత్తి పట్టుకున్నాడు. "కూర్చోండి! లైవ్ నడుస్తుంది! ఇంకా మొదలే కాలేదు!" అని అరిచాడు. ఆ మాట ఎవరికీ ఎక్కలేదు. రెండు దాకా లెక్కపెట్టిన రిఫరీ చెయ్యి గాలిలోనే ఉండిపోయింది.

సాయిలు అన్న వీపు మీదే ఉన్నాడు. కళ్లు తెరిచి డప్పు వైపు చూస్తున్నాడు. ఆ చప్పుడు అర్థం ఆయనకు నేను చెప్పక్కర్లేదు. మట్టికుస్తీలో చిత్ అయినవాడు మట్టి దులుపుకుని, గెలిచినవాడికి చెయ్యిచ్చి వెళ్లిపోవాలి. మళ్లీ మీదికి పోతే వాడికి సిగ్గులేదని అర్థం. వెళ్లిపోతే లైవ్ ఆగిపోతుంది, కంపెనీ కాగితం చిరిగిపోతుంది. లేస్తే ఊరి ముందు, పెద్దబాపు ముందు సిగ్గులేనివాడవుతాడు. పెద్దబాపు అప్పటికే తల దించుకుని తలుపు దగ్గరికి వెళ్లిపోయాడు.

సాయిలు అన్న మోచేతి మీద లేచాడు.

"ఓరి సిగ్గులేదార, చిత్ అయినంక లేస్తవా!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. ఆయన మోకాలి మీదికి వచ్చాడు. ఆ తర్వాత తాడు పట్టుకుని నిలబడ్డాడు. డప్పు ఇంకా మోగుతూనే ఉంది.

నాకు ఒళ్లు మండిపోయింది. కుర్చీలు తోసుకుంటూ తలుపు దగ్గరికి పోయి, రెక్కల మధ్య అడ్డంగా నిలబడ్డాను.

"పెద్దబాపు, గిది మీ కుస్తీ కాదు. గీడ వీపు తగిలితే ఖతం కాదు. మూడు లెక్కపెట్టాలె."

"మూడెందుకు?"

ఎందుకో నాకు ఎవరూ చెప్పలేదు, నేను అడగలేదు. నోటికి వచ్చింది చెప్పాను. "ఒకటి పడ్డందుకు. రెండు, లేస్తడా అని సూడనీకి. మూడుకు సుత లేవకుంటే ఓడినట్టు."

"అప్పటిదాంక?"

"అప్పటిదాంక ఆటల ఉన్నట్టే."

ఆయన రింగు వైపు తిరిగి చూశాడు. ఆ తర్వాత హాలంతా వినబడేట్టు గొంతెత్తాడు. "ఆపురా డప్పు! మూడు లెక్కపెట్టాలెనట! కూసోండ్రి!"

డప్పు ఆగింది. లేచినవాళ్లు వెనక్కి వచ్చారు. వచ్చి చూస్తే వాళ్ల కుర్చీల్లో యాభై రూపాయల టికెట్టు వాళ్లు కాలు మీద కాలేసుకుని ఉన్నారు. అక్కడ రింగులో కంటే గట్టి కుస్తీ జరిగింది. పెద్దబాపు మాత్రం కూర్చోలేదు, వెళ్లిపోలేదు. తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు.

ఇక ఆ తర్వాత చూడాలి. వినాయక్ రెండోసారి పడేయగానే రిఫరీ చెయ్యి కొట్టేలోపే ముందు వరుస ముసలివాళ్లు "ఒకటీ! రెండూ!" అని అందుకున్నారు. సాయిలు అన్న భుజం ఎత్తగానే "లేసిండు! లేసిండు!" అని కండువాలు ఎగరేశారు. ఇంకో రెండు పడేయడాలకు హాలంతా లెక్కపెట్టడం నేర్చుకుంది. సాయిలు అన్న ఛాతీ మీద వినాయక్ అరచెయ్యి అచ్చు ఎర్రగా, ఐదు వేళ్లతో సహా, నా సీటు దాకా కనబడింది. ఇరవై రెండో నిమిషంలో ఆయన వినాయక్‌ను నడుము పట్టి ఎత్తి పడేశాడు. హాలు లెక్కపెట్టింది. మూడుకు డప్పు మోగింది. లెక్కపెట్టినవాళ్లలో పెద్దబాపు లేడు.

హాలు వెనక వంటవాళ్లు రిసెప్షన్‌కు ఉల్లిగడ్డలు కోస్తున్నారు. వాళ్ల దగ్గర అడుక్కున్న మంచుగడ్డను వినాయక్ సాయిలు అన్న నడుము మీద పట్టుకుని ఉండగా పెద్దబాపు వచ్చాడు. ఇద్దరూ లేవబోయారు. ఆయన చెయ్యితో ఆపాడు.

"వినాయక్ గెలిచిండు" అన్నాడు.

సాయిలు అన్న నడుము మీది మంచుగడ్డను పక్కకు తోసేశాడు.

"మొదటి పడుడే పడుడు. మా లెక్కల నువ్వు ఓడినవ్. గది మారది." ఆయన వినాయక్ వైపు తిరిగాడు. "నీ బాపు సుత నన్ను గట్లనే ఎత్తిండు. ఎడమ బుజం మీదికెల్లి."

"బాపే నేర్పిండు కాకా" అన్నాడు వినాయక్, తప్పు చేసినవాడిలా.

"పడ్డంక నాకు లేవాలని ఉండె. నడుముల బలం గూడ ఉండె. డప్పు మోగింది. లేస్తే సిగ్గులేదంటరని ఇంటికి పోయిన. పాతికేండ్లాయె, ఇంక ఇంట్లనే ఉన్న." సాయిలు అన్న భుజం మీద ఒక్కసారి చెయ్యి వేసి తీశాడు. "నువ్వు డప్పు మోగంగ లేసినవ్. నాకు గది చేతగాలె."

వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. ఉల్లిగడ్డలు కోసే ఆవిడ కళ్లు తుడుచుకుంది, అది ఉల్లిగడ్డలకేనేమో. సాయిలు అన్న మంచుగడ్డను మళ్లీ నడుముకు ఆనించుకుని నా వైపు తిరిగాడు.

"గెలిచినట్టా ఓడినట్టా చెల్లె?"

"నాకు తెల్వది. చెడ్డీ మాత్రం చినగలె."

వినాయక్ నవ్వి, నవ్వితే పక్కటెముకలు నొచ్చి, మరాఠీలో ఏదో తిట్టుకున్నాడు. అంతలో ఓనరు పరిగెత్తుకొచ్చాడు. డప్పు మోగిన ముక్కే అందరూ ఒకరికొకరు పంపుకుంటున్నారట. ప్రతి ఊళ్లో ఇదే పెడదాం, ముసలాయనకు రోజుకింత ఇద్దాం, మొదట డప్పు, తర్వాత కోపం, తర్వాత లెక్క అన్నాడు. సాయిలు అన్న లేచి నిలబడ్డాడు. "కుస్తీల ఏం చెప్తే గది చేస్త సార్. కాగితం ఇస్తే ఇయ్యి, లేకుంటే లేదు. పెద్దబాపు లేసి పోవుడు వేషం కాదు. గది నేను అమ్మను." కాగితం ఇంకా రాలేదు. సోమవారం పొద్దున ఆయన మా పక్క గోదాములో, నడుముకు పట్టీ కట్టుకుని, బస్తాలు మోశాడు.

నేను ఆరూ నలభైకి బస్సు ఎక్కాను. దారి పొడుగునా కోపంగానే ఉన్నాను, ఎవరి మీదో తేల్చుకోలేకపోయాను. ఓనరు మీద ఉంది, నిజమే. ఇరవై సెకన్లు చూసి లేచిపోయినవాళ్ల మీద కూడా ఉండాలి. కానీ వాళ్లు మోసం చేయలేదు. గెలిచినవాడు పక్క రాష్ట్రం వాడైనా చెయ్యెత్తి నోటు దోపారు. వాళ్లకు తెలిసిన న్యాయం అదే. ఒక్కసారి వీపు తగిలితే మనిషి పని అయిపోయిందనే ఆ న్యాయమే నాకు నచ్చలేదు. నేను పదో తరగతి తప్పినప్పుడు మా ఇంట్లోనూ అలాంటి డప్పే మోగింది. అప్పుడు ఒకటి దాకా కూడా ఎవరూ లెక్కపెట్టలేదు. నేను లేచాను, నాకు సిగ్గు లేదు. ఎవడైనా దాన్ని నాటకం అంటే అనుకోనివ్వండి. ముందే మాట్లాడుకున్న ఆటలో మాట్లాడుకోని పని ఒకటి జరిగింది, డప్పు మోగుతుండగా ఒక మనిషి లేచాడు. దాన్ని ఎవడూ రాసివ్వలేదు.

బాన్సువాడలో ఈసారి ఆట పెట్టినప్పుడు మీరు పోతే ఒక్కటే చెప్తాను. ఏ చప్పుడైనా రానివ్వండి, పక్కవాళ్లు ఎంతమంది లేవనివ్వండి, మూడు వినబడేదాకా కుర్చీ వదలకండి. వదిలితే మీ నూట యాభై రూపాయల కుర్చీలో యాభై రూపాయలవాడు కూర్చుంటాడు, మళ్లీ లేవడు.